బెహన్‌ల దస్తఖత్ లేని దస్తావేజు



ఈ మధ్య మనవాళ్లు నలుగురు కలిస్తే రెండే ముచ్చట్లు. పిల్లల రిష్తాలు, ప్లాట్ల రేట్లు. వలీమా దావత్‌లో బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని కూడా "అక్కడ గజం ఎంత నడుస్తోంది భాయ్?" అని అడుగుతారు. అడగడం తప్పేం కాదు. సూద్ వద్దనుకునే ఇంట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉండదు, షేర్ మార్కెట్ అంటే భయం. మిగిలింది జమీన్. సౌదీలో, ఖతర్‌లో, దుబాయ్‌లో ఏళ్ల తరబడి చేసిన కమాయీ అంతా చివరికి వచ్చి ఒక సర్వే నంబరులో కూర్చుంటుంది. ఆ నంబరు మీద ముకద్దమా పడితే ఏమవుతుందో మాత్రం దావత్‌లో ఎవరూ మాట్లాడరు.

తమాషా ఏమిటంటే, అదాలత్ మాటల్లో సగం మనవే. వకీలు, వకాల్తా, దాఖలు, ఫిర్యాదు, జామీను, తకరారు, కబ్జా, రసీదు, దస్తావేజు. వీలునామా సంగతి ఇంకా బాగుంటుంది, ఇంగ్లీషు 'విల్'కు ఫార్సీ 'నామా' తగిలించి తెలుగు మాట చేసేశారు. ఇన్ని మాటలిచ్చిన మనమే ఆ గడప దగ్గరికి వచ్చేసరికి అయోమయంగా నిలబడతాం. మా ఆపా, నేను రెండేళ్లు అలాగే నిలబడ్డాం.

మా దుల్హాభాయ్ దమ్మామ్‌లో ఉంటారు. 2017లో నిజామాబాద్‌లో 320 గజాల జాగా కొన్నారు. అందులో ఒక పాత పెంకుటిల్లు. గజం తొమ్మిది వేల చొప్పున 28 లక్షల 80 వేలు. ఆ ఇంటి పెద్దాయన మర్హూమ్ అయ్యి నాలుగేళ్లయింది. ఆయన బేవా, ముగ్గురు కొడుకులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి దస్తఖత్‌లు చేశారు, వేలిముద్రలు పెట్టారు. 30 ఏళ్ల ఈసీ తీశారు, శుభ్రంగా ఉంది. "మేం తప్ప వేరే వారిసులు లేరు" అని నోటరీ చేసిన అఫిడవిట్ కూడా ఇచ్చారు. నేనప్పుడు కరీంనగర్‌లో అత్తగారింట్లో ఉన్నాను, రిజిస్ట్రేషన్ అయిందని పంపిన మిఠాయి మాత్రం తిన్నాను.

2022లో ఆపా ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది. ఆపా చదివింది ఉర్దూ మీడియం. ప్లెయింటేమో ఇంగ్లీషులో ఉంది. అందుకని ఫైలు నా చేతికొచ్చింది. మొదటి పేజీలో ఇద్దరు ఆడవాళ్ల పేర్లు, ఆ పెద్దాయన బేటీలు. వాళ్ల అమ్మ మీద, ముగ్గురు అన్నదమ్ముల మీద, నాలుగు పేర్ల తర్వాత మా దుల్హాభాయ్ మీద పంపకాల దావా. జాగా అమ్మకూడదని, కొత్తగా కట్టకూడదని ఇంజంక్షన్ కూడా అడిగారు.

ఆపాకు వచ్చిన మొదటి కోపం ఆ బెహన్‌ల మీదే. "ఐదేళ్ల తర్వాత గుర్తొచ్చిందా హక్? రేటు పెరిగిందని వచ్చారు" అంది. దమ్మామ్ నుంచి దుల్హాభాయ్ ఫోన్‌లో, "రిజిస్ట్రేషన్ అయిందిగా, గవర్నమెంట్ ముద్ర ఉందిగా, ఎట్లా వేస్తారు కేసు?" అన్నారు. ఈ రెండు మాటలూ మనవాళ్లలో చాలామంది నోట వింటాను. రెండింటికీ జవాబు వకీల్ సాబ్ కాగితం మీద లెక్క వేసి చూపించారు.

మన హనఫీ కుటుంబాల్లో పిల్లలున్న బేవాకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. సూరా నిసా 11, 12 ఆయత్‌లలో ఉన్న లెక్క ఇదే, దేశంలోని అదాలత్‌లో నడిచేదీ ఇదే. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, ఒక బేవా అంటే ఆస్తి 64 భాగాలు. అమ్మకు 8, ఒక్కో కొడుక్కి 14, ఒక్కో కూతురికి 7. 320 గజాల్లో అమ్మకు 40, కొడుకులకు తలా 70, కూతుళ్లకు తలా 35. అంటే మా దుల్హాభాయ్ 320 గజాలకు పైసలిచ్చి కొన్నది 250 గజాలు. మిగతా 70 గజాలు అమ్మినవాళ్లవే కావు.

ఇక్కడే మనకూ మన పక్కింటి హిందూ కుటుంబానికీ పెద్ద తేడా ఉంది. వాళ్ల ఉమ్మడి కుటుంబంలో కర్త అని ఒకరుంటారు, కొన్ని అవసరాలకు అందరి తరఫునా అమ్మే అధికారం ఆయనకుంటుంది. మన వరాసత్‌లో కర్త లేడు. బాప్ కళ్లు మూసిన క్షణంలోనే ఎవరి హిస్సా వాళ్లదవుతుంది. బడే భాయ్ ఎంత బాధ్యతగా ఇల్లు నడిపినా, చెల్లెలి ఒక్క గజాన్ని కూడా ఆమె తరఫున అమ్మలేడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నమోదు చేసేది కాగజ్‌ను, హక్కుకు అది జామీను కాదు. అఫిడవిట్ దస్తఖత్ చేసినవాళ్లను కట్టేస్తుంది తప్ప చేయనివాళ్లను కాదు. ఈసీలో కనపడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. ఆ ఇంట్లో ఎంతమంది బేటీలు పుట్టారో ఈసీ చెప్పదు.

ఒక మాట నాకు చాలా రోజులు మనసులో తిరిగింది. దుల్హాభాయ్ లోన్ తీసుకోలేదు, సూద్ అని. మంచి నియ్యత్. కానీ బ్యాంకు లోన్ ఇచ్చే ముందు తన ప్యానెల్ వకీలుతో కాగజాత్ మొత్తం చదివిస్తుంది, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతుంది, వారిసులందరి సంతకాలు కావాలని పట్టుబడుతుంది. నగదు పెట్టి కొనేవాళ్లకు ఆ జల్లెడ ఉండదు. సూద్ వద్దనుకున్న ఇల్లు ఆ వకీలు ఫీజు తానే పెట్టుకోవాలి. 28 లక్షల జాగాకు పది, పదిహేను వేలు ఎక్కువేం కాదు, దావత్‌లో స్వీటుకే అంతకంటే ఎక్కువ పెడతాం.

కేసు నడక గురించి చెప్తాను, చాలామందికి అంచనా ఉండదు కాబట్టి. సమన్లు అందాక జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, అదాలత్ దయతలిస్తే 90 దాకా. పంపకాల దావాలో రెండు మెట్లుంటాయి. ముందు ఎవరిది ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ. తర్వాత అడ్వకేట్ కమిషనర్ టేపు పట్టుకుని వచ్చి కొలిచాక ఫైనల్ డిక్రీ. మధ్యలో అప్పీళ్లు. కొన్నవాడికి ఒక ఊరట ఉంది. అమ్మినవాళ్ల హిస్సా మేరకు అతని హక్కు నిలుస్తుంది, పంచేటప్పుడు వీలైనంతవరకు అతని కబ్జాలో ఉన్న వైపే అతనికి వచ్చేలా చూస్తారు. కానీ అదంతా అయ్యేలోగా జాగా అమ్ముడుపోదు, లోన్ రాదు, కట్టడం కుదరదు. కేసు నడుస్తుండగా ఎవరైనా కొన్నా ఫైసలాకు కట్టుబడాల్సిందే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అదే. ఆ జాగాను నమ్ముకునే దుల్హాభాయ్ నౌకరీ వదిలి వద్దామనుకున్నారు. మా భాంజీ నికా ఖర్చు కూడా అందులోనే ఉంది. ఆ రెండూ ఆగిపోయాయి.

అన్నదమ్ములు అదాలత్‌లో రెండు మాటలు చెప్పారు. ఒకటి, "ఇద్దరికీ నికా చేశాం, జహేజ్ ఇచ్చాం, వాళ్ల హిస్సా అయిపోయింది." ఈ మాట మన మొహల్లాల్లో ఫిఖ్‌హ్ మసలా అంత ధీమాగా చెప్తారు. షరియత్‌లోనూ చట్టంలోనూ దానికి జాగా లేదు. జహేజ్ వరాసత్‌కు బదులు కాదు. బాప్ బతికుండగా కూతురితో "నాకేం వద్దు" అని రాయించుకున్నా మామూలుగా చెల్లదు, అప్పటికి ఆమెకు వదులుకోవడానికి హక్కే పుట్టలేదు.

రెండోది హిబా. "అబ్బా బతికుండగానే జుబానీ హిబాగా ఇల్లు మా ముగ్గురికీ ఇచ్చేశారు" అన్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ముస్లిం హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. మూడు ఉంటే చాలు. ఇచ్చేవారి ఇజాబ్, తీసుకునేవారి కబూల్, ఆ తర్వాత కబ్జా అప్పగింత. కానీ ఆ పెద్దాయన చివరిదాకా ఇల్లు తన పేరు మీదే ఉంచుకున్నారు, టాక్స్ తనే కట్టారు. అన్నిటికంటే ముఖ్యం, మా సేల్ డీడ్‌లోనే "మర్హూమ్ వాలిద్ నుంచి వారసత్వంగా సంక్రమించిన" అని రాసి ఉంది. నిజంగా హిబా అయ్యుంటే ఆ వాక్యం ఎందుకొస్తుంది? వకీల్ సాబ్ ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. జుబానీ హిబా ఈసీలో కనపడదు. రేపు ఎవరైనా ఒక హిబానామా కాగితం పట్టుకుని రావచ్చు. అమ్మేవాళ్లు హిబా అని చెప్పినా సరే, వారిసులందరినీ గవాహ్‌లుగానైనా దస్తఖత్ చేయించండి.

2024లో లోక్ అదాలత్‌కు వెళ్లాం. అక్కడే మొదటిసారి ఆ బెహన్‌లను చూశాం. పెద్దామెకు అరవై దాకా ఉంటాయి. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోందట, వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి. ఆపా మొహం తిప్పుకుని కూర్చుంది. ఆమే పక్కకొచ్చి కూర్చుని, "నీ మీద కోపం లేదు బేటీ. మా ఇల్లు ఆ ఇంటికి రెండు గల్లీల అవతలే. దస్తఖత్ అడగడానికి ఎవరూ రాలేదు. ఇల్లు అమ్మారని పాలవాడు చెప్తే తెలిసింది" అంది. భర్త బతికున్నన్నాళ్లు అన్నదమ్ములతో దుష్మనీ వద్దన్నాడట. ఆయన పోయాక వేసింది కేసు. ఆపా ఏమీ అనలేదు. కాసేపటికి తన బాటిల్‌లో నీళ్లు ఆమెకిచ్చింది.

రాజీ ఇలా కుదిరింది. అప్పటికి గజం 22 వేలు. 70 గజాలకు లెక్క వేస్తే 15 లక్షల 40 వేలు. బెహన్‌లు 12 లక్షలకు ఒప్పుకున్నారు. అందులో ఏడు లక్షలు అన్నదమ్ములు కట్టారు. అమ్మకం దస్తావేజులో "హక్కులో లోపం వస్తే నష్టపరిహారం మేమిస్తాం" అన్న షరతు ఉండబట్టే వాళ్లు ఆ మాత్రం కదిలారు. మిగతా ఐదు దుల్హాభాయ్ పెట్టుకున్నారు. ఇద్దరు బెహన్‌లు రాటిఫికేషన్ డీడ్ రిజిస్టర్ చేసిచ్చారు. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపస్ వస్తుంది. దుల్హాభాయ్ ఐదు లక్షలు పోయాయని ఇప్పటికీ బాధపడతారు. నా లెక్కలో ఆయన తక్కువలో బయటపడ్డారు. పదిహేనేళ్లు నడిచిన కేసులు ఆ కోర్టు వరండాలోనే చూశాను.

మా కేసులో వారిసులంతా పెద్దవాళ్లు. యతీమ్ పిల్లలుంటే ప్రమాదం ఇంకా పెద్దది. తండ్రి పోయాక తల్లే పిల్లల్ని పెంచుతుంది కాబట్టి వాళ్ల తరఫున ఆమె దస్తఖత్ చాలనుకుంటాం. పిల్లల్ని పెంచే హక్కు తల్లిదే గానీ, మన చట్టం ప్రకారం నాబాలిగ్ పిల్లల ఆస్తికి వలీ తల్లి కాదు. తండ్రి, ఆయన వసీయత్‌లో నియమించినవారు, దాదా, ఆయన నియమించినవారు, వీళ్లే. వీళ్లు లేకపోతే అదాలత్ నియమించినవాళ్లు, అదీ జడ్జి ఇజాజత్‌తోనే అమ్మాలి. ఇజాజత్ లేకుండా తల్లి అమ్మిన యతీమ్ హిస్సా మొదటి నుంచే చెల్లదు. ప్రివీ కౌన్సిల్ 1918లో చెప్పిన మాట ఇది, సుప్రీంకోర్టు కూడా తర్వాత అదే దారిలో నడిచింది. పాప కోసమే అమ్మింది, ఆసుపత్రి ఖర్చుకే అమ్మింది అన్నా లాభం లేదు. అమ్మే కుటుంబంలో 18 నిండని పిల్లలున్నారా అని మొదట అడగండి. ఉంటే కోర్టు ఆర్డరు చూపించమనండి, లేదంటే సలాం చెప్పి వచ్చేయండి.

వసీయత్ చూపించి ఒక్క కొడుకే అమ్ముతున్నా అంతే జాగ్రత్త. మన దాంట్లో వసీయత్ మూడో వంతు దాటదు. వారిసుకే రాస్తే, ఆ మనిషి పోయాక మిగతా వారిసులు ఒప్పుకోవాలి. అబ్బా అంతా నాకే రాశారు అనే వీలునామా, అక్కాచెల్లెళ్ల ఇజాజత్ లేకపోతే ఉట్టి కాగితమే.

జీపీఏ పెట్టి కొనే అలవాటు ఇంకా పోలేదు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, జీపీఏ, అగ్రిమెంటు, వీలునామాల కట్ట హక్కును బదిలీ చేయదని చెప్పేసింది. రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఒక్కటే జాగాను మీ పేరు మీదకు తెస్తుంది. ఇచ్చిన మనిషి పోతే మామూలు జీపీఏ కూడా పోతుంది.

వక్ఫ్ గురించి కూడా అడుగుతారు. మణికొండ జాగీర్లోని 1,654 ఎకరాలు దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీ వక్ఫ్‌దా, సర్కారుదా అన్న తకరారు ఏళ్ల తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో సర్కారు వైపు తేలింది. అంత పెద్ద సంస్థలున్న చోటే అన్నేళ్లు పట్టింది. మన 200 గజాలు ఏ మూల? సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22-ఏ లిస్టులో, ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే చూసుకోవచ్చు. వక్ఫ్ గెజిట్‌లో ఉందేమో బోర్డులో అడగండి. అల్లా పేరు మీద ఇచ్చిన జమీన్ కొనడం మనకు అదాలత్ లెక్కొక్కటే కాదు కదా.

వెంచర్లలో ప్లాట్లు కొనేవాళ్లకు రెరా 2016 చట్టం కొంత అండ. టైటిల్ లోపం వల్ల నష్టం వస్తే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, 18వ సెక్షన్ ప్రకారం దానికి కాలపరిమితి కూడా అడ్డు రాదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కానీ మా దుల్హాభాయ్‌లా ఒక కుటుంబం దగ్గర పాత ఇల్లు కొంటే రెరా అక్కరకు రాదు. అక్కడ అండ మొహల్లానే. కిరాణా షాపులో, మస్జిద్ దగ్గర, పాత కిరాయిదార్లను అడిగితే ఆ ఇంట్లో ఎంతమంది బేటీలో, ఏ ఊళ్లో ఉన్నారో అరగంటలో తెలుస్తుంది. ఈకోర్ట్స్ సైట్‌లో అమ్మేవాళ్ల పేర్లు కొట్టి చూడండి, నడుస్తున్న కేసులు ఈసీలో రావు. పేపర్లో నోటీసు ఇవ్వండి, కొన్నవాడు జాగ్రత్త పడ్డాడని చెప్పే గవాహీ అది. ఎవరైనా కేసు వేస్తారని అనుమానం ఉంటే మీ మాట వినకుండా ఆర్డరు ఇవ్వకుండా కేవియట్ వేయొచ్చు, 90 రోజులు పనిచేస్తుంది.

లోక్ అదాలత్ నుంచి వస్తూ ఆటోలో ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అబ్బా ఇల్లు ఇప్పుడెవరి పేరు మీదుంది?" అంది. అబ్బా పేరు మీదే ఉంది, ఆయన పోయి ఆరేళ్లు. ఇద్దరు భాయ్‌లు అందులోనే ఉంటున్నారు, బడే భయ్యా పైన ఒక ఫ్లోరు కూడా వేశాడు. ఆపా, నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని మనలో చాలామంది అడగం. ఆపా ఆ రాత్రే ఫోన్ చేసింది. గొడవ పెట్టలేదు. "రేపు ఈ ఇల్లు కొనేవాడు మా దస్తఖత్ అడుగుతాడు భయ్యా, అప్పుడు కాదు, ఇప్పుడే చేద్దాం" అంది. బడే భయ్యా వారం రోజులు మాట్లాడలేదు. భాభీ రెండు నెలలు మాట్లాడలేదు. చివరికి అమ్మీ కూర్చోబెట్టింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, అమ్మీ అంటే 48 భాగాలు. అమ్మీకి 6, భయ్యాలకు 14 చొప్పున, మాకు 7 చొప్పున. ఇల్లు భయ్యాలకే ఉంచి, మా హిస్సా పైసలుగా మూడు విడతల్లో ఇచ్చేలా పంపకాల దస్తావేజు ముసాయిదా రాయించాం. పై ఫ్లోరు బడే భయ్యా సొంత ఖర్చుతో కట్టింది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయమన్నది ఆపానే.

ఛోటే భయ్యా ఈ మధ్యే దోహా వెళ్లాడు. అక్కడి ఇండియన్ ఎంబసీలో, ఈ ఒక్క దస్తావేజుకు మాత్రమే పనికొచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి అటెస్ట్ చేయించి పంపాలి. అది ఇండియాలోకి వచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. పోయిన జుమా నాడు కొరియర్ చేశానన్నాడు, ఇంకా చేరలేదు.